టీ గ్లాసు పెట్టిన చోటు

కిరసనాయిలు తొట్టిలో చేతులు ముంచి బేరింగులు కడుగుతోంది సాజిదా. ఎంత రుద్దుకున్నా ఆ వాసన చేతుల్ని వదలదు. ఆ చేతుల్తోనే రొట్టెలు చెయ్యాలి. "ఏందే ఈ కంపు, ఇది మనుషులు తినే తిండేనా?" అని పెళ్లయిన కొత్తలో అన్నాడు మొగుడు గఫార్. పన్నెండేళ్లయినా అదే మాట. ఎవరి పని చేస్తే ఆ కంపు అంటిందో ఆలోచించే తీరిక ఆయనగారికి ఇంతవరకూ దొరకలేదు.

నిజానికి మాచర్లలో ఆ షెడ్డు సాజిదాదే. డ్యామ్ పనులు మొదలై రాళ్ల లారీలు రోడ్డెక్కిన రోజుల్లో ఆమె తండ్రి మీరా సాహెబ్ పెట్టాడు. స్క్రూడ్రైవర్ మొన చక్రానికి ఆనించి, పిడి కూతురి చెవి దగ్గర పెట్టి, "విను బేటీ, అరిగిన బేరింగు మూలుగుతుంది, ఇరుసు మాత్రం విరిగేముందు ఒక్కసారి దగ్గి ఊరుకుంటుంది" అని నేర్పాడు. పోతూ పోతూ షెడ్డు ఆమె పేరనే రాసిపోయాడు.

గఫార్‌కి చేతులున్నాయి గానీ చెవి లేదు. పెళ్లయిన ఏడాదే బాగున్న చక్రం విప్పి నలుగురిలో నవ్వులపాలైతే, పాపం అనుకుని సాజిదాయే ఉపాయం కనిపెట్టింది. జాకీ మీద లేపిన చక్రం అతను తిప్పుతుంటే షెడ్డుని ఆనుకున్న వంటింట్లోంచి వింటుంది. తర్వాత ముసుగు సవరించుకుని వచ్చి, రోగం ఉన్న చక్రం పక్కన గ్లాసు పెట్టి పోతుంది. బేరింగయితే టీ, ఇరుసయితే మంచినీళ్లు. అతను గ్లాసు చూసుకుని, కళ్లు మూసి, చక్రం మీద అరచెయ్యి వేసి తీర్పు చెబుతాడు. లారీలవాళ్లు అతన్ని నాడి మేస్త్రి అన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ నాడి తన చేతిలోనే ఉందని అతనూ నమ్మేశాడు.

కంట్రాక్టరు బసవయ్య గురజాల ఆసామి ఒకడితో జీపు పందెం కట్టాడు. డ్యామ్ రోడ్డు మీద నిలబడ్డ బండి నిలబడ్డట్టే లంకించుకుని రెండు ఫర్లాంగులు పోవాలి. దౌడు నేర్పుతుంటే బసవయ్య జీపుకి కుడివైపు వెనక ఇరుసు విరిగింది. కొత్తది వేస్తే అయిదో రోజున అదీ విరిగింది. పేరు బాగా తలకెక్కిన గఫార్ ఈసారి గ్లాసు కోసం కూడా చూడలేదు. డ్రైవరుదే తప్పని తేల్చి మూడోది బిగించేశాడు.

"ఆ విరిగిన ముక్క ఒకసారి చూపించండి" అంది సాజిదా.

"బేరింగంటే గాజులనుకునే మనిషి! దీనికి ఇరుసు సంగతి కావాలంట!" అన్నాడు అతను అందరి ముందూ. అందరూ నవ్వారు. బసవయ్య మరీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

వాళ్లు పోయాక ఇనుప తుక్కులోంచి ముక్క తీసి చూసింది. విరిగిన ముఖంలో అంచు నల్లబడి నున్నగా ఉంది, నడుమ మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఒక్క దెబ్బకి విరిగింది కాదది, రోజూ కొంచెం కొంచెం చీలుతూ వచ్చింది. బేరింగు అరిగి చక్రం ఊగుతుంటే ఎన్ని ఇరుసులు మార్చినా అంతే. చెబుదామని లేవబోయింది. అప్పటికే గఫార్ "మీరా సాహెబ్ మోటారు షెడ్డు" అన్న బోర్డు పీకి కిరసనాయిలు తొట్టి మీద మూతేశాడు. సాజిదా మళ్లీ కూర్చుంది.

మూడో ఇరుసు బిగించి ఇవాళ అయిదో రోజు. "పది గంటల బస్సుకి గురజాల పోవాల. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెడుదువుగాని" అన్నాడు గఫార్ పొద్దున్నే. "షెడ్డు నా పేరున లేకపోతే బసవయ్య గారి పది లారీలూ మనకి రావంట. ఆడదాని షెడ్డంటే ఎవడొస్తాడు?" ఆమె పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

పందెం రేపనగా జీపు చూపించుకోడానికి బసవయ్య వచ్చాడు. గఫార్ చక్రం లేపి తిప్పాడు. వంటింటి వైపు చూశాడు.

"ఏమే, టీ!"

పొయ్యి మీద టీ మరుగుతూనే ఉంది. సాజిదా కదల్లేదు. ఇరుసు విరిగినా చక్రం ఊడదని, డ్రైవరుకి దెబ్బ తగలదని ఆమెకి తెలుసు. తగిలేది ఒక్కడికే. ఆ ఒక్కడూ నలుగురిలో బొక్కబోర్లా పడుతుంటే కళ్లారా చూడాలని ఉంది ఆమెకి. అయ్యో అనిపించలేదు. అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది కూడా.

రెండోసారీ పిలిచి, గఫార్ కళ్లు మూసుకున్నాడు. చక్రం మీద అరచెయ్యి వేశాడు. "దివ్యంగా ఉంది. పందెం మీదే బసవయ్య గారూ."

"ఏదీ, ఒక దూకు దూకించు" అన్నాడు బసవయ్య డ్రైవరుతో. జాకీ దించి గేరు వెయ్యగానే ఇరుసు టక్కుమంది. ఇంజను గోలపెడుతోంది, జీపు అంగుళం కదల్లేదు.

"ఏందిరా గఫారూ, ఇదేనా నీ నాడి?"

అప్పుడొచ్చింది సాజిదా, టీ గ్లాసుతో. గఫార్ మొహంలోకి ప్రాణం వచ్చింది. గ్లాసు ఎటు పోతే అటు తిరిగాయి అతని కళ్లు. ఆమె నాలుగు చక్రాలూ దాటుకుని పోయి, తండ్రి స్టూలు మీద కూర్చుని, ఆ టీ తనే తాగింది. తొందరేం పడలేదు. మగాళ్లంతా నిలబడి చూశారు.

"కుడివైపు వెనక బేరింగు అరిగింది బాబాయ్. పైనా కిందా పట్టి ఊపి చూడు. అది మార్చందే ఇరుసు నిలవదు" అంది బసవయ్యతో. ఊపితే చక్రం లొడలొడలాడింది. "పన్నెండేళ్లుగా నేను గ్లాసు పెట్టిన చోటే ఈయనకి నాడి దొరికింది. ఇవాళ పెట్టలేదు."

ఎవరూ నవ్వలేదు. తప్పు మోసిన డ్రైవరొక్కడు నవ్వు దాచుకోడానికి మొహం తిప్పుకున్నాడు.

"తెలిసి తెలిసి ఎందుకు చెప్పలేదే?" పళ్లు కొరికాడు గఫార్.

"గాజులనుకున్నా."

రోడ్డు మీద గురజాల బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. సాజిదా తొట్టి మీది బోర్డు తీసి కొంగుతో తుడిచి గోడకి నిలబెట్టింది. తొట్టిని కాలితో మొగుడి ముందుకి జరిపింది.

"కడగండి. బాబాయ్‌కి రేపు పందెం ఉంది."