పద్నాలుగో స్తంభం

పన్నెండు, పదమూడు... దీపస్తంభాలను పెదవుల మీదే లెక్కపెట్టుకుంటూ బండి నడుపుతున్నాడు ఖుత్బుద్దీన్. పద్నాలుగో స్తంభానికి కట్టిన తెల్ల రుమాలు కనబడగానే ఎడమకు తిప్పి, ఊపిరి వదిలాడు.

ఎడారి దేశంలో స్థలానికి కొదవేముంది? స్టేడియాన్ని మెట్రో స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల అవతల కట్టారు. ఆట చూడాలంటే ముందు మన కాళ్ళు ఆడాలి. నడవలేనివాళ్ళను బ్యాటరీ బండిలో గేటు దాకా చేర్చడం ఖుత్బుద్దీన్ డ్యూటీ. ఆరేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. లోపలి కేకలను బట్టి గోల్ పడిందని తెలుసుకుంటాడు.

ఏడాదిగా షుగర్ అతని కళ్ళను తినేస్తోంది. కుడికన్ను పోయింది, ఎడమకంటికి మసక. ఊరి చివర ముఐథర్ బస్తీలో తనతో ఒకే గదిలో ఉండే ఉబైద్‌కు కూడా చెప్పలేదు. చెబితే జగిత్యాలకు పంపించేస్తారు. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఎవరినో గుద్దేస్తాడు. ఈ రెండు భయాలతో కంటిమీద కునుకు లేదు. మలుపు కంటే ముందే తిప్పితే బండి నడిచేవాళ్ళ మధ్యకు పోతుంది. అందుకే భార్య రషీదా నీలం దారంతో అంచు కుట్టిచ్చిన రుమాలును మలుపు దగ్గరి స్తంభానికి బిగించి ముడేశాడు.

ఆ సాయంత్రం జనం విరగబడి వచ్చారు. మగ్రిబ్ నమాజు వేళకు దయమ్మ ఎక్కింది. కాకినాడావిడ, మోకాళ్ళ నొప్పులు. కొడుకు పాల్ వెనకాల నడిచి వస్తున్నాడు.

"ఇంత దూరమా నాయనా! మేం వెళ్ళేసరికి ఆట కాస్తా అయిపోతుందేమో!"

ఖుత్బుద్దీన్ నవ్వాడు. ఆ నవ్వులో లెక్క తప్పింది. ఎదురుగా తెల్ల గుడ్డ కనబడింది. ఎడమకు తిప్పాడు. తెల్ల జెర్సీల జట్టు అభిమానులు ఆరోజు దారిపొడవునా స్తంభాలకు తెల్ల కండువాలు కట్టారని అతనికి తెలియదు.

"ఆపు నాయనా! పాప! పాప!"

బ్రేకు తొక్కాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో పిల్లల తోపుడుబండి, అందులో పసిపాప. తల్లి పాపను ఎత్తి గుండెకు హత్తుకుంది.  ఖుత్బుద్దీన్ స్టీరింగ్ మీంచి చేతులు తియ్యలేకపోయాడు.

"కనబడలేదా నీకు?" అంది దయమ్మ.

"కనబడ్తలేదమ్మా."

ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట.  దయమ్మ కర్ర ఊతంగా మెల్లగా దిగి, పాల్ కోసం వెనక్కి చూస్తూ నిలబడింది.

ఇంకో బండి నడిపే ఉబైద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది చాచా? యల్లా, జల్ది నడువు, జనం లైన్ల ఉన్నరు!"

ఖుత్బుద్దీన్ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "నువ్వు తోలు బేటా. నేను పోయి ఆఫీసుల నిజం చెప్త."

స్టేషన్ వైపు, ఎదురొచ్చే జనంలో, దారి పక్క ఇనుప కమ్మీలు తడుముకుంటూ నడిచాడు. ఆ దారిన కాళ్ళతో నడవడం అదే మొదలు. వెనక స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది. ఎవరు కొట్టారని అడగలేదు.

నాలుగో రోజున విమానమెక్కాడు.

అప్పటికే శుభ్రం చేసేవాళ్ళు కండువాలన్నీ ఊడదీసుకుపోయారు. పద్నాలుగో స్తంభానికున్న ముడి మాత్రం ఎంతకీ ఊడిరాలేదు. నీలం అంచు రుమాలు దానికే ఉండిపోయింది.