సాంచెలు ఇప్పేటోడు

మా బాపు లింగమూర్తికి సిరిసిల్లల తెల్వని సాంచె లేకుండె. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటం. బాపు నేసేటోడు కాదు, సాంచెలు రిపేరు చేసేటోడు. పానాల సంచి భుజానికి ఏసుకొని పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లితే, ఏ కార్ఖానల సాంచె ఆగితే ఆడికి పోతుండె. లోపలికి పోకముందే తొవ్వ మీద నిలబడి, నడిచే సాంచెల చప్పుడు ఇని, "నాలుగోదాని పండ్ల చక్రం అరిగింది, మార్చుకోవాలె" అని చెప్పేటోడు. ముప్పై ఒక్క ఏండ్లు అదే పని.

పోయిన ఎండాకాలం ఆర్డర్లు ఆగినయ్. ముందుగాల ఒక షిఫ్టు బందు పెట్టిన్రు. తర్వాత వారంల మూడు దినాలే నడిపిన్రు. ఆషాఢం వచ్చేటాళ్లకు మా గల్లీల సగం షట్టర్లకు తాళాలు పడ్డయ్. నడవని సాంచెకు రిపేరు ఉండది గదా. బాపును పిలిచేటోళ్లు లేకుండ అయిన్రు.

నేను ఆయన బిడ్డను, వనజను. కరీంనగర్ల ఒక కన్సల్టెన్సీల ఫోన్లు ఎత్తే నౌకరి నాది. రోజూ బస్సుల పోయొస్త. నౌకరి కోసం ఫోన్ చేసేటోళ్ల పేరు, వయసు, చదువు రాసుకొని, ఎట్ల వెతుక్కోవాల్నో చెప్పాలె. మా మేడం పద్మలత ఆ మాటలన్ని ఒక కాగితం మీద టైపు చేయించి నా బల్లకు అతికించింది. ఆ ఏడాది ఫోన్లు ఆగకుండ వచ్చినయ్. శ్రీరాంపూర్ దిక్కు బొగ్గు లారీల మీద పని పోయినోళ్లు, గల్ఫ్ కెళ్లి వాపస్ వచ్చిన ఖానాపూరోళ్లు, జీతాలు రాని ప్రైవేటు బడి సార్లు. ఒకాయన మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఏడ్చిండు. ఆయనకు సుత నేను కాగితం మీదున్నదే చదివిన. "ధైర్యం విడువద్దు సార్, రోజుకు అయిదు చోట్ల అడగాలె" అన్న. ఎంత చల్లగ చెప్పేదాన్నో, ఇప్పుడు తల్సుకుంటె సిగ్గయితది.

ఒకనాడు మాపటీలి నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ బీడీల చాట ముంగట పెట్టుకొని ఊకె కూసున్నది. ఆకు కత్తిరిస్తలేదు. మా అవ్వ వినోద, మాట్లాడుకుంట గూడ చెయ్యి ఆపని మనిషి.

"మీ బాపు రోజు సంచి ఏసుకొని పనికి పోతుండు గదా" అన్నది.

"ఆఁ."

"పనికి కాదు. మానేరు ఒడ్డుకు పోతుండట. పగటిదాక ఆడనే కూసొని, బువ్వ యాళ్లకు ఇంటికి వస్తుండు. పక్కింటి కావ్య చూసిందట. ఇయ్యాల నిన్న కాదు, పదిహేను దినాల సంది."

మా ఊర్లె ఆ మాట ఇంటె ఏం భయం పుడ్తదో, పని లేక పానం తీసుకున్నోళ్లను చూసిన మా ఊరోళ్లకే తెలుసు. ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకోలే.

ఐతారం నాడు బాపును కూసోబెట్టిన. ఏటి సంగతి ఎత్తలే.

"బాపూ, నీ సంచి తెచ్చుకో. బయోడేటా రాద్దాం."

"సాంచెలు బాగుచేస్త అని రాయి. అయిపాయె."

"సాంచెలే నడుస్తలేవు, అట్ల రాస్తే ఎవలు పిలుస్తరు? నీ పని పేరు కాదు, నీకు ఏమేం వచ్చో రాయాలె. ఒక్కొక్క పానా బయటికి తియ్యి. దానితోని ఏం చేస్తవో చెప్పు."

మొదట ఇసుక్కున్నడు. తర్వాత తియ్యవట్టిండు. బేరింగులు మార్చుడు. బెల్టు సక్కగ కూసోబెట్టుడు. కాలిన మోటర్ చుట్టుడు. స్టార్టర్ డబ్బా ఇప్పి వైర్లు చూసుడు. జర వెల్డింగు. కొత్త మిషన్ తెస్తే, దాన్ని లెవెల్ చేసి నేలకు బిగించుడు. నేను రాసుకుంట పోయిన. ఒక పేజీ నిండి రెండో పేజీకి పోయింది. బాపు కాగితం తీసుకొని, కండ్లద్దాలు పెట్టుకొని, మెల్లగ చదివిండు.

"గిదంత నేనేనా?" అన్నడు.

ఆనాడు ఆయన జర నవ్విండు. ఆ మొఖం చూసి, నా కాగితం పనిచేస్తున్నదని అనుకున్న.

శ్రావణంల కరీంనగర్ల జాబ్ మేళా పెట్టిన్రు. బాపును నాతోని బస్సుల తీస్కపోయిన. ఇస్త్రీ అంగి, చేతిల కవరు, కవర్ల పది కాపీలు. బస్సు దిగేదాక నేర్పుకుంటనే ఉన్న. "పొద్దుగాలనే లైన్ల నిలబడు, పగటికి పోతె వాళ్లు అలసిపోతరు. ఎదిరించి మాట్లాడకు. వద్దంటె ఎందుకు వద్దో అడుగు, మల్లొకసారికి అక్కరకొస్తది. పైసలు కట్టుమన్నోని దగ్గర ఒక్క నిమిషం సుత నిలబడకు." అన్నిటికి తల ఊపిండు. నేను ఆఫీసుకు పోయిన.

మాపటీలి బస్టాండుల కలిస్తె, బయోడేటా ఎనుకకు తిప్పి నాకిచ్చిండు. దాని మీద పెన్సిల్ తోని చిన్నగ రాసి ఉంది. ఒక కంపెనీ: ఐటీఐ సర్టిఫికెట్ లేదు. ఇంకోటి: ముప్పై అయిదేండ్ల లోపటోళ్లు కావాలె. సెక్యూరిటోళ్లు: ఎత్తు సాలది. ఇంకో దగ్గర: ఇంగ్లీషు. నేను అడుగుమన్నట్టే, ఒక్కొక్కలను "ఎందుకు వద్దంటున్నరు సారూ?" అని అడిగిండట.

"గేటు బయట ఒకడు దుబాయ్ల మెకానిక్ పని ఉన్నదన్నడు. పాస్‌పోర్టు, పైసలు ఇయ్యాలనే చేతిల పెట్టాల్నట. నువ్వు చెప్పినవ్ గదా, నేను నిలబడలే."

"మంచి పని చేసినవ్ బాపూ."

బస్సు గంగాధర దాటింది. అటెనుక అన్నడు, "అందరు పిలగాండ్లే బిడ్డా. ఒక పిలగాడు నన్ను చూసి, అంకుల్, మీ కొడుకు ఏ లైన్ల ఉన్నడు అన్నడు. ఎనుక ఉన్నడని చెప్పిన."

అంగడి సామానుకు, ఇంటి కిరాయికి, దేనికైన ఒకలను అడిగే అలవాటు లేని మనిషి బాపు. మా కాగితంల ఇంకొక మాట మిగిలింది: పని పోయిందని దాచిపెట్టుకోవద్దు, తెలిసినోళ్లందరికి చెప్పాలె. అది చెప్తె బాపు మొఖం తిప్పుకున్నడు. "ముప్పై ఏండ్లు జనమే నా ఇంటికొచ్చి పిలిచిన్రు. ఇప్పుడు నేను పోయి నాకు పని లేదు అని చెప్పాల్నా?" అన్నడు. అయినా పోయిండు. చాయ్ హోటల్ల చెప్పిండు, కిరాణంల చెప్పిండు, మోటర్ల దుకాణపోళ్లకు కాగితం ఇచ్చిండు. ఇంటికొచ్చి ఆనాడు బువ్వ తినలే.

నాలుగు దినాలకు ఫోనొచ్చింది. దేవదాస్ అనే ఆయన, పాత ఇనుము కొనే యాపారి. బాపు ఫోన్ స్పీకర్ల పెట్టిండు, నేను పక్కకే ఉన్న.

"లింగమూర్తన్నా, మీ ఊర్లె సాంచెలు కొంటున్న. పగలగొట్టేటోళ్లు మస్తు మంది దొరుకుతున్నరు. నాకు ఇప్పేటోడు కావాలె. మోటర్లు, చక్రాలు ఖరాబు కాకుంట తియ్యాలె. మోటర్ దుకాణంల నీ కాగితం చూపిచ్చిన్రు. రోజు కూలి ఏ రోజుకు ఆ రోజు ఇస్త."

బాపు ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసిండు.

"వనజా, నీకు ఫోన్ చేసేటోళ్లకు గిసుంటి పనొస్తె నువ్వు ఏం చెప్తవ్?"

కాగితం మీద దానికీ జవాబు ఉన్నది. వచ్చిన పని పట్టుకోవాలె, అది చేసుకుంట ఇంకోటి వెతుక్కోవాలె. అదే చెప్పిన. ఇంట్ల బియ్యం నిండుకొని ఉన్నయ్, అవ్వ వేళ్లు బీడీలకు పగిలిపోయి ఉన్నయ్, బాపు మల్ల ఏటికి పోతడేమో అన్న భయం ఉన్నది. అయినా సాంచెలు ఇప్పనీకి మనసొప్పుతదా అని ఆయన్ని అడిగి చెప్పాల్సింది. నేను అడగలే.

బాపు తెల్లారి పోయిండు. ఆయన పని నచ్చి దేవదాస్ ఇద్దరు కూలోళ్లను కింద పెట్టిండు. మొదటి వారం తెల్వనోళ్ల కార్ఖానలు. రెండో వారం మా గల్లీకి వచ్చిన్రు. ఐతారం నాడు బాపుకు సద్ది తీస్కపోయేసరికి రాయమల్లు మామ కార్ఖాన ముంగట లారీ ఆగి ఉన్నది.

రాయమల్లు మామవి ఎనిమిది సాంచెలు. ఆయన, బాపు చిన్నప్పటి సంది దోస్తులు. ఆ ఎనిమిదిటిని షెడ్డుల దించి, లెవెల్ చేసి, బిగించింది బాపే. నేను అప్పటికి పుట్టలే. మామ షట్టర్ కు అడ్డంగ నిలబడి ఉన్నడు.

"ఇగ అమ్మినయ్ అమ్మినయే, నేను కాదంటలేను. గని నువ్వు ముట్టద్దు మూర్తీ. వేరేటోన్ని సుత్తె పట్టుకొని రమ్మను. పగలగొట్టుకొని పోనియ్."

"పగలగొడ్తె నీకు ఇనుము లెక్కనే వస్తది బావా. నేను ఇప్పితె మోటర్లకు వేరే ధర కట్టిస్త. మాట్లాడి ఉంచిన."

"నాకు ధర అక్కర లేదు."

"బాలవ్వక్కకు అక్కర ఉన్నది."

లోపల ఉన్న మామ పెండ్లాం బాలవ్వత్త ఆ మాట ఇన్నది. బయటికొచ్చి మామ చెయ్యి పట్టుకొని పక్కకు జరిపింది. ఆయన జరిగిండు గని ఇంట్లకు పోలే, గోడ పొంటి కూలవడ్డట్టు కూసున్నడు.

బాపు లోపలికి పోయి, ముందుగాల బోల్టులన్నిటికి నూనె పోసిండు. తుప్పు నానాలె, లేకుంటె తల ఇరుగుతది. కూలోళ్లు తొందర పెడ్తుంటె, ఆగున్రి అన్నడు. నానినంక ఒక్కొక్కటి తిప్పిండు. ఒక సాంచె మీద సగం నేసిన బట్ట ఇంకా అట్లనే ఉన్నది, ఆర్డరు ఆగిన నాటిది. బాపు దాన్ని కోసి, మడతపెట్టి, బాలవ్వత్త చేతిల పెట్టిండు. ఆమె ఏడ్వలే. దుమ్ము దులిపి లోపల పెట్టుకున్నది.

నూలు చుట్టి ఉండే బరువు బీము తీసేటప్పుడు ఇద్దరు మనుషులు పట్టాలె. కూలోళ్లిద్దరు లారీ మీద ఉన్నరు. బాపు ఒక దిక్కు పట్టి, పిలుద్దామని తల ఎత్తిండు. ఆలోపట్నే రాయమల్లు మామ లేచి వచ్చి రెండో దిక్కు పట్టిండు. ఇద్దరు దాన్ని మోసుకొని బయటికి తెచ్చిన్రు. అట్ల ఎనిమిది బీములు మోసిన్రు. నేను తెచ్చిన సద్ది ఇద్దరికి పెట్టిన. మామ తినలే, నీళ్లు తాగిండు.

దసరా దాటేటాళ్లకు మా గల్లీల అమ్మేటియన్ని అమ్ముడుపోయినయ్. దేవదాస్ మా ఇంటికే వచ్చిండు. "అన్నా, బయట ఊర్లల్ల ఇసుంటి పని ఇంకా రెండేండ్లది ఉన్నది. రూము ఇస్త, కూలి పెంచుత. నీలెక్క ఇప్పేటోడు నాకు దొరకడు" అన్నడు.

బాపు నన్ను అడగలే, అవ్వనూ అడగలే. "వద్దు దేవదాసూ. ఇగ నేను సాంచెలు ఇప్ప" అన్నడు.

చేతిలున్న పని ఇడిచిపెట్టద్దని నేను దినాం పదిమందికి చెప్త. ఆనాడు నోరు ఎత్తలే. అవ్వకు మాత్రం మస్తు కోపమొచ్చింది, వారం దినాలు బాపుతోని మాట్లాడలే. ఆమెది తప్పని నేను అనలేను. బీడీల మీద ఇల్లు ఎన్నడు నడిచింది గనుక?

బాపు తన బయోడేటా పట్టుకొని సుల్తానాబాద్ దిక్కు రైసుమిల్లులన్ని తిరిగిండు. పన్నెండో మిల్లుల మిషన్లు చూసే పనికి పెట్టుకున్నరు. వడ్లు వచ్చే సీజన్ వరకే. ఇంతకుముందు వచ్చిన కూలిల సగం. ఊక దుమ్ము బాగ, మొదటి నెలకే దగ్గు పట్టింది. మిల్లులనే పండుకుంటడు, వారానికొకసారి వస్తడు. సీజన్ అయినంక ఏం చేస్తడో ఆయనకు తెల్వది, నాకూ తెల్వది.

రాయమల్లు మామ, బాలవ్వత్త కార్తీకంల భివండి బయలెల్లిన్రు. ఆడ ఒక సేఠ్ దగ్గర సాంచెలు నడిపే పని. యాభై నాలుగేండ్ల మనిషి, నిన్నటిదాక పదిమందికి కూలి ఇచ్చినోడు. బాపు ఆ పొద్దు మిల్లుకు పోయేది ఉండె, అయినా సాగనంపుతనని బస్టాండుకు వచ్చిండు. నేనూ కరీంనగర్ బస్సు కోసం ఆడనే ఉన్న.

"బావా, ఆడ చేరంగనే ఎన్ని గంటల డ్యూటీ, ఏ దినం జీతం, అడిగి రాయించుకో. సిగ్గుపడకు. పెద్దమనిషివని వాళ్లు ఎక్కువ చూడరు" అన్నడు బాపు.

మామ సామాన్ల మూట బస్సుల పెట్టి దిగిండు. "అడుగుడు నాకెక్కడ వచ్చు మూర్తీ? ఎన్నడన్న అడిగిన్నా నేను?"

"వస్తది. నాకూ రాకుండె."

బాలవ్వత్త బస్సు లోపట్నుంచి పిలిచింది. మామ బాపు భుజం మీద చెయ్యి పెట్టి, తీసి, బస్సెక్కిండు. బస్సు ఎల్లిపోయింది. బాపుకు దగ్గొచ్చింది, ఆగేదాక ఆగిండు. పగటీలి రెండు గంటలకు మొదలయ్యే షిఫ్టుకు అందాల్నని, నాతోనే కరీంనగర్ బస్సు ఎక్కిండు. కూసోనీకి జాగ లేకుండె. ఇద్దరం నిలబడే పోయినం.