బయ్యమ్మ తలలో పేలు

శనివారం పొద్దున సంకటి తినడం కాగానే మదనపల్లె మిషన్ హైస్కూలు హాస్టలు పిల్లలంతా తలలు విరబోసుకుని వంటింటి వెనక బండల మీదికి వచ్చేవాళ్ళు. మేట్రను యేసమ్మ తెల్ల దుప్పటి పరిచి, ఒక్కొక్క తలనూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఈర్పెనతో పేలు దువ్వేది. పిల్లలకు గజ్జి వస్తే గంధకం పూయడం, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే పక్కలో పడుకోబెట్టుకోవడం, ఉత్తరం రాకపోతే ఏదో ఒకటి చెప్పి ఏడుపు మాన్పించడం, అన్నీ ఆమె పనులే. జీతం మాత్రం పేలు దువ్వినందుకే ఇస్తున్నారని నవ్వేది.

యుద్ధం వచ్చాక ఆ పనీ కష్టమైంది. ఇదివరకు తలకు కిరసనాయిలు పట్టించి ఒక్క పూటలో పేల పని పట్టేది. ఇప్పుడు లాంతర్లోకే లేని కిరసనాయిలు తలకెక్కడ దొరుకుతుంది? ఇక మిగిలింది దువ్వెనా, ఓపికా.

ఇంకొకటి కూడా మారింది. మిలిటరీలో చేరినవాళ్ళ పిల్లల తలలు దువ్వితే, ఆ తండ్రులు ఉన్న చోటి సరుకు దుప్పటి మీద రాలేది. పరంజ్యోతి నాన్న కాంపౌండరుగా ఎడారి దేశానికి పోయాడు, ఆ పిల్ల తలలోంచి సన్నటి ఇసుక రాలేది. కుప్పం విజయమ్మ నాన్న ఓడల్లో వంటవాడు, ఆమె తలలోంచి ఉప్పు. యేసమ్మ ఇసుకను గిన్నెలు తోమడానికీ, ఉప్పును చారులోకీ పంపేది. అంత కరువులో ఏదీ పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఒక శనివారం పరంజ్యోతి తలలోంచి ఏమీ రాలలేదు. యేసమ్మ పాయలు తీసి తీసి దువ్వింది. నాలుగు ఊడిన వెంట్రుకలు తప్ప దుప్పటి మీద ఏమీ లేదు. తరువాతి వారం తంతి వచ్చింది. అప్పటినుంచి పిల్లలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దువ్వెన కింద కూర్చునేవాళ్ళు.

బయ్యమ్మ అయితే కూర్చోవడమే మానేసింది. పుంగనూరు అవతలి మెట్టపల్లెలో గొర్రెలు, వేరుశనగ ఉన్న ఇల్లు వాళ్ళది. ఈ ఏడే ఎస్సెల్సీ రాసే సిక్స్‌త్ ఫారంలోకి వచ్చింది. నాన్న నారాయణస్వామి మిలిటరీ లారీ డ్రైవరుగా మలయాకు పోయాడు. మొదట్లో ఆమె తలలోంచి తడి ఆకులూ ఎర్రచీమలూ రాలేవి. సింగపూరు జపాన్‌వాళ్ళ చేతికి పోయాక, నారాయణస్వామి ఆచూకీ తెలియడం లేదని ఇంటికి మిలిటరీ కాగితం వచ్చింది. ఆ తర్వాత ఏ శనివారం వచ్చినా బయ్యమ్మకు కడుపునొప్పే. దువ్వకుండా ఉన్నంతకాలం నాన్న పోయినట్టు కాదని ఆ పిల్ల లెక్క. యేసమ్మ ఆ లెక్క అర్థమై ఊరుకుంది.

పేలు ఊరుకోలేదు. తల నిండి, జాకెట్టు మెడ మీదికి దిగాయి. పక్కన పడుకునేవాళ్ళు మొరపెట్టుకుంటే బయ్యమ్మ చాప వరండాలోకి మారింది. సిగ్గుతో ఆ పిల్ల ఎవరి దగ్గరా నిలబడేది కాదు. చివరికి హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, ఈ శనివారం దువ్వించుకో, లేదంటే మంగలిని పిలిపిస్తానని చెప్పింది.

ఆ శనివారమే పుంగనూరు నుంచి బొగ్గుతో నడిచే బస్సులో ఆమె మేనమామ మునిరాజు దిగాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. బండల మీద అంతమంది ఆడపిల్లలను చూసి కాస్త దూరంగానే నిలబడ్డాడు.

"మాయమ్మ పంపించిందమ్మా. పాపను పిల్చుకోని రమ్మనింది," అన్నాడు యేసమ్మతో. "బావ ఇంక లేనట్టే అంటాండారు అందరూ. ఏడాది తిరిగేలోపల పాపకు పెండ్లి చేసేయాలంట."

"ఎవురితో?" అని అడిగింది యేసమ్మ, తెలిసే.

మునిరాజు కర్ర వైపు చూసుకున్నాడు. "నాతోనే."

చెడ్డవాడేం కాదు. బయ్యమ్మను చిన్నప్పుడు భుజాన వేసుకుని గొర్రెల వెంట తిప్పినవాడే. తల్లి మాటకు ఎదురు చెప్పడం మాత్రం ఎప్పుడూ చేతకాలేదు.

"బావ కుప్పంలో రైలెక్కేటప్పుడు మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు," అన్నాడు మళ్ళీ. "పాప ఎస్సెల్సీ అయ్యేదాకా పెండ్లి మాట ఎత్తగూడదని. ఆయన ఉంటే మాయమ్మయినా ఆ మాట దాటదు. లేడంటే మాత్రం ఇంటికి పెద్ద ఆమే గదా."

"లేడని ఎవురు సెప్పినారు మామా?" వరండా స్తంభం వెనకనుంచి బయ్యమ్మ గొంతు.

"ఉండాడని మాత్రం ఎవురు సెప్పినారు పాపా? ఈడ తల దువ్వితే తెలిసిపోతాదని మా పల్లె దాకా తెలుసు. వచ్చి కూర్చో. ఏమన్నా రాలితే నేనొక్కణ్ణే బస్సెక్కుతా. రాలకపోతే పెట్టె సర్దుకో."

బయ్యమ్మ వచ్చి కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ మాట విన్నప్పటినుంచి ఆలోచించి, యేసమ్మ ఆ తెల్లవారుజామున పెరట్లో ఒక తడి ఆకు కోసి కొంగున ముడి వేసుకుంది. ఎవరూ చూడకుండా దుప్పటి మీద వదిలితే చాలు. కానీ ఎదురుగా పరంజ్యోతి కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ పిల్ల ముందు ముడి విప్పడానికి యేసమ్మకు చేయి రాలేదు.

కుడివైపు పాయ తీసి దువ్వింది. పేలు జలజలా రాలాయి. అలవాటుగా బొటనవేలి గోళ్ళ మధ్య నొక్కుతూ పోయింది. ఎడమవైపు దువ్వింది. మళ్ళీ పేలే. ఆకు లేదు, చీమ లేదు, మట్టి కూడా లేదు.

"ఏమన్నా పడిందా?" అంది బయ్యమ్మ తల ఎత్తకుండా.

"ఉండమ్మా. ఇంకా ఉండాది."

మునిరాజు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. యేసమ్మ మెడ మీది నూగు దాకా దువ్వింది. ఇక దువ్వడానికి ఏమీ మిగల్లేదు. ఈర్పెన పక్కన పెట్టింది.

"పేలు తప్ప ఏం లేవప్పా."

బయ్యమ్మ ఏడవలేదు. జుట్టు ముడి వేసుకుని పెట్టె సర్దుకోవడానికి లేచింది. మునిరాజు మాత్రం లేవలేదు. దుప్పటి మీద పాకుతున్న ఒక పేనును అరచేతిలోకి ఎక్కించుకుని ఎండకు పెట్టి చూశాడు.

"ఇది యాడిది?"

"తలలోది, ఇంకేముండాది?"

"కాదమ్మా. తలపేను నల్లగుంటాది. సూడు, తెల్లగా, లావుగా ఉండాది. ఇది చీరపేను, గుడ్డల్లో ఉండేది. నా గొంగట్లో పడితే నాకు తెలీదా?"

యేసమ్మకు రోషం వచ్చింది. "నా హాస్టల్లో చీరపేలా? వారం వారం అందరి గుడ్డలూ నీళ్ళలో ఉడకేస్తాండా! ఒక్కటన్నా..." అంటూనే ఆగిపోయింది.

"ఈడివి కావులేమ్మా," అన్నాడు మునిరాజు. "మా బావవి. మారుగుడ్డ లేకుండా యాడనో, ఏ ఖైదులోనో పడుండాడు."

బయ్యమ్మ గడపలోనే నిలబడిపోయింది. మునిరాజు ఆ తర్వాతి మాట తానే అనాలా వద్దా అన్నట్టు చేతిలోని పేను వైపే చూశాడు. అనకపోతే పెట్టె సర్దుకుని వచ్చే పిల్ల, బస్సు, పెండ్లి.

"గొర్రె సచ్చిందంటే ఒళ్ళు సల్లబడేలోపలే పేలూ గోమార్లూ దిగిపోతాయి పాపా," అన్నాడు. "సచ్చిన ఒంటి మీద ఒక్కటి నిలవదు. ఇన్ని ఉండాయంటే ఆ ఒళ్ళు ఇంకా యెచ్చగా ఉండాది."

అంటూనే ఆ పేనును దుప్పటి మీద దించి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ బతికినందుకా, పెండ్లి తప్పినందుకా అని అక్కడ ఎవరూ అడగలేదు. రెండింటికీ ఏడ్చే హక్కు ఆయనకుంది. కళ్ళు తుడుచుకుని, "మాయమ్మకు నేను సెప్తాలే. నువ్వు బాగా సదువుకో," అని కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

బయ్యమ్మ మెల్లగా వచ్చి దుప్పటి దగ్గర కూర్చుంది. ఇన్ని రోజులూ వరండాలో సిగ్గుతో చచ్చిపోతూ గోక్కున్న తల అది. నాన్న అందులోనే ఉన్నాడు. యేసమ్మ మిగిలిన ఒక్క పేనును అలవాటు కొద్దీ గోటి మీదికి తీసుకుంది. బయ్యమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"దాన్ని సంపొద్దు మేట్రనమ్మా."

యేసమ్మ ఆ పిల్ల మొహం చూసింది. తర్వాత తన ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేసింది. బయ్యమ్మ తల వంచి, పాపిట తీసి, ఆ పేనును అందులో దించి, పైన జుట్టు కప్పేసింది.

పరంజ్యోతి లేచి వరండాలోకి పోయింది. బయ్యమ్మ చాప చుట్టి లోపలికి తెచ్చి, తన చాప పక్కనే పరిచింది.