మా నెత్తిన తీగలు

దుసొక్ కాలిపోతుంటే నేను కళ్ళారా చూశాను. నా కుట్టుమిషన్ పక్క కిటికీకి రెండు బారల దూరంలోనే ఆ కరెంటు స్తంభం.

వానాకాలం, పొద్దున తొమ్మిది గంటలు. రెండు రోజులుగా కురిసిన వానకు మా సిందోల్ కొండవాడలో తీగలు సాగి ఇళ్ళ చూరుల మీదికి దిగాయి. లైన్‌మన్ దుసొక్ స్తంభం సగం ఎక్కి ఆగాడు. కింద ఉన్న కాంట్రాక్టు కంపెనీ మేనేజర్, కూ అనే ఆయనతో, "సార్, లైన్ ఆపించండి. అంతా తడిగా ఉంది" అన్నాడు.

"పది గంటలకు సముద్రం ఒడ్డున మేయర్ గారి సభ. ఈ లైనే అక్కడికీ పోతుంది. ఆపితే మైకులు ఆగిపోతాయి. తొందరగా కానియ్" అన్నాడు కూ. గొడుగు కింద నిలబడి అన్నాడు.

దుసొక్ మిగతా సగం ఎక్కాడు. తర్వాత నీలిమంట. దుసొక్ నడుముకు కట్టుకున్న బెల్టుకే వేలాడిపోయాడు. అతని జతగాడు ఛేగిల్ ఎక్కి దించాలంటే ముందు లైన్ ఆపాలి. అప్పుడు ఆపారు. మైకులు మాత్రం ఆగలేదు. సభ దగ్గర జనరేటర్ ముందురోజే తెచ్చి పెట్టుకున్నారట.

ఆ సభ ఎందుకో చెప్తాను. కొత్త అపార్ట్‌మెంట్ల ముందు తీగలన్నీ భూమిలోకి దింపారు. 'తీగల్లేని ఆకాశం' అని పేరు పెట్టారు. మేయర్ రిబ్బను కత్తిరించాడు. ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రిలో దుసొక్ కుడిచెయ్యి భుజం దగ్గరికి తీసేశారు. అజాగ్రత్త అతనిదేనని కంపెనీ కాగితం రాసింది.

చలి మొదలయ్యేసరికి కరెంటు బిల్లుల్లో కొత్త వరుస చేరింది. 'నగర సుందరీకరణ రుసుము'. ఊరందరి మీదా వేశారు. మా కొండ మీద ఒక్క తీగా భూమిలోకి దిగలేదు.

వృద్ధుల మందిరంలో సభ పెట్టాం. నేల మీద కూర్చోవడానికి చోటు లేక జనం మెట్ల మీద నిలబడ్డారు.

"చిన్న మొత్తమే గదా, కట్టేసి ఊరుకుందాం" అన్నాడు చేపల దుకాణం మ్యోంగ్‌హో. "కట్టలేదని ఫ్యూజు పీకితే నా ఐసుపెట్టెలో సరుకంతా కుళ్ళిపోతుంది."

"ఆ తీగ తెగి నీ చూరు మీద పడితే సరుకు కాదురా, నువ్వే వేగిపోతావు" అంది ఒక్‌బున్ అవ్వ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఒంటరిది.

"తీగలు భూమిలో పాతడానికే మనం అడ్డం పడుతున్నామని టీవీలో చెప్తున్నారు" అంది ఒక కాలేజీ పిల్ల.

నేను అంతవరకు ఏ సభలోనూ నోరు విప్పలేదు. ఆ మాట వినేసరికి ఒళ్ళు మండి లేచాను. "పాతమనే అంటున్నాం. ముందు మనుషులు కాలేచోట పాతమంటున్నాం. అక్కడ తీగలు పోయాక ఫ్లాట్ల ధర పెరిగింది. ఆ లాభం ఎవడు తిన్నాడో వాడితో కట్టించండి ఆ ఖర్చు. నేను వాడుకున్న కరెంటుకి కడతాను. వాడి ఆకాశానికి నేనెందుకు కట్టాలి?"

అప్పుడే గుమ్మం దగ్గర గొడవ. ఛేగిల్, ఇంకో ఏడుగురు లైన్‌మన్లు వచ్చారు.

"ఫ్యూజులు పీకే చేతులు మీవేగా, ఇక్కడ మీకేం పని?" అని ఎవరో అరిచారు.

వాళ్ళ వెనకనుంచి దుసొక్ ముందుకు వచ్చాడు. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది.

"నిజమే" అన్నాడు. "ఈ వాడలో బిల్లు కట్టలేని చాలా ఇళ్ళకి నేనే పీకాను. ఒక్‌బున్ అవ్వ ఇంటికి మంచు పడే రోజున పీకాను. అవ్వ నాకు వేడివేడి బార్లీ టీ ఇచ్చింది. తాగి, పీకేసి పోయాను."



"గుర్తుంది" అంది అవ్వ. "మూడు రోజులు దగ్గి చచ్చాను. ఇలా వచ్చి కూర్చో."

పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ చోట్లో దుసొక్ కూర్చున్నాక సభ తీరే మారిపోయింది. వాడిన కరెంటుకి కట్టాలి, రుసుము కట్టకూడదు. ఎవరి ఇంటికీ ఏ లైన్‌మన్ ఫ్యూజు పీకకూడదు. ఆ తీర్మానానికి చేతులెత్తినప్పుడు దుసొక్ ఎడమచెయ్యి ఎత్తాడు.

ఫ్యూజులు పీకుతామని నోటీసులొచ్చాయి. ఎవరూ రుసుము కట్టలేదు. చివరికి ఒక పొద్దున కూ పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రతి స్తంభం చుట్టూ మా వాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఎక్కి ఫ్యూజులు పీకు" అన్నాడు కూ, ఛేగిల్‌తో.

ఛేగిల్ నడుము బెల్టు విప్పి కూ బూట్ల ముందు పెట్టాడు. "ఎక్కను."

"ఉద్యోగం పోతుంది."

"చెయ్యి పోవడం చూశాను సార్. ఉద్యోగం ఎంత?"

రెండో బెల్టు పడింది. మూడోది పడింది. ఎనిమిదీ పడ్డాక కూ ఫోను తీశాడు. పావుగంటలో సబ్‌స్టేషన్ దగ్గర కొండ మొత్తానికీ కరెంటు ఆపేశారు, రుసుము కట్టినవాళ్ళకీ కట్టనివాళ్ళకీ కలిపి. నా మిషన్ ఆగింది. జబ్బు మనుషుల పడకల కింద కరెంటు దుప్పట్ల వేడి ఆగింది.

మ్యోంగ్‌హో దుకాణంలోంచి తోపుడుబండి లాక్కొచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. ఐసుపెట్టెలోని చేపలన్నీ అందులోకి ఎత్తి పోశాడు. "పదండి. వాళ్ళ ఆకాశం కింద అమ్ముకుందాం" అన్నాడు.

కొండవాడ కొండవాడంతా దిగింది. కొత్త అపార్ట్‌మెంట్ల ముందున్న ఆ అందమైన వీధిలో నున్నటి రాళ్ళ మీద చేపలు పరిచాం, కూరలు పరిచాం, ముసలివాళ్ళకు దుప్పట్లు పరిచాం. ఫ్లాట్ల కాపలావాళ్ళు ముక్కులు మూసుకున్నారు. వాళ్ళలో ఒకడు మా కొండవాడ మనిషే. ముక్కు మీంచి చెయ్యి తీసి, టోపీ కూడా తీసి, మా వరుసలో కూర్చున్నాడు.

పోలీసులు విరుచుకుపడ్డారు. బండి తిరగేశారు. నన్ను, ఛేగిల్‌ని, మ్యోంగ్‌హోని ఈడ్చి వ్యానులో పడేశారు. అవ్వ ఎవరూ పట్టుకోకుండానే ఎక్కి కూర్చుంది. బేడీలు పట్టుకుని దుసొక్ దగ్గరికి వెళ్ళిన కుర్ర పోలీసు ఒక చేతికి వేసి, రెండోది ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

"కూ చేతికి వెయ్యి బాబూ" అన్నాడు దుసొక్, పోలీసుల వెనకున్న కూ వైపు చూస్తూ. "ఆయన్నీ తీసుకుపోదాం."

వ్యాను బయల్దేరి మొదటి మలుపులోనే ఆగింది. పక్క కొండ మీది తేబోంగ్ వాడవాళ్ళు రోడ్డు నిండా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో కరెంటు బిల్లులు. రుసుము వరుస దగ్గర కత్తెరతో కత్తిరించిన బిల్లులు. మేం వాళ్ళకు కబురు పెట్టలేదు.

"వెనక్కి తిప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వెనక చేపలవాళ్ళు ఉన్నారు సార్" అన్నాడు డ్రైవరు.

"వంతెన మీదుగా పో."

డ్రైవరు అద్దంలోంచి తొంగి చూశాడు. "వంతెన మీద ఇంకా ఎక్కువమంది ఉన్నారు సార్" అని ఇంజను ఆపేశాడు.