పండుకు నిద్ర

పండు వెనక కాలి ఎముకలో క్యాన్సరని తేలింది. ఆ తర్వాత వాడు సరిగా పడుకోలేదు. ఒరగబోతాడు, కాలు నేలకు తగలగానే అరిచి లేస్తాడు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మంచం పక్కనే పడుకునే కుక్క. వాడు అరిచినప్పుడల్లా అమ్మ కూడా లేచి కూర్చునేది.

విజయవాడలో చూసిన డాక్టర్ పవన్‌కుమార్ గారు ఫోన్లో మెల్లగా చెప్పారు. "ఇంక నయం కాదండీ. ఇక్కడికి తెస్తే ఖర్చు తక్కువే గానీ, ఉయ్యూరు నుంచి ఆ కుదుపులకి వీడు నరకం చూస్తాడు. నేనే ఇంటికొచ్చి ముందు మత్తిచ్చి, తర్వాత రెండో ఇంజెక్షన్ చేస్తే ఏమీ తెలీదు. కాకపోతే ఖర్చు బాగా ఎక్కువ."

మా బడిలో వేసవి సెలవులకు జీతం ఉండదు. అమ్మకు ఆ సంగతే చెప్పాను.

"ఇంటికొచ్చి నిద్రపుచ్చుతారటమ్మా. నొప్పి తెలియదట. నా దగ్గర అంత లేదు."

ఇంకో మాట నోటికి రాలేదు. చెప్పవలసిన అవసరమూ కనబడలేదు. మా సంఘంలో ఎవరూ చనిపోరు, ప్రభువునందు నిద్రిస్తారు. నాన్న సమాధి రాయి మీద చెక్కించిందీ ఆ మాటే. అమ్మకు అర్థమైందనుకున్నాను.

అమ్మ బైబిలు సంచిలోంచి ఒక కవరు తీసింది. మోకాలి నొప్పి తగ్గినందుకు గుడిలో ఇవ్వాలని పింఛనులోంచి కూడబెట్టిన కృతజ్ఞత కానుక.

"అది దేవుడిదమ్మా."

"ఆయనకి తర్వాత ఇస్తాలే. ఆయనెటూ నిద్రపోడు. చవకది వద్దు, మంచిదే వేయించు."

ఇంత ధైర్యం ఎలా వచ్చిందా అనుకున్నాను.

మర్నాడు డాక్టరుగారు వచ్చి, పండు తల అమ్మ ఒడిలో ఉండగానే మొదటి ఇంజెక్షన్ చేశారు. కాసేపటికి వాడి ఒళ్లు వదులైంది. జబ్బు కాలు నేలకు ఆనింది. వాడు అరవలేదు. గురక మొదలైంది.

"చూడవే, గురక! అచ్చం మీ నాన్నే," అని అమ్మ నవ్వింది. "ఎప్పటికి లేస్తాడు డాక్టరుగారూ? చికెన్ తెప్పించాను. లేచేసరికి జావ కాస్తాను."

రెండో సిరంజి పట్టుకున్న డాక్టరుగారు నా వైపు చూశారు.

"లేవడమ్మా," అన్నాను.

"మత్తు దిగితే లేవడా?"

"ఇంకో ఇంజెక్షన్ ఉంది. దాంతో... చనిపోతాడు."

"నిద్రపుచ్చుతారన్నావుగా!"

"అదేనమ్మా. నాన్నకు రాయించామే, ఆ నిద్ర."

"అది మనుషులకంటారే! కుక్కకి నిద్రంటే నిద్రే. ఇన్నేళ్లుగా పిల్లలకి తెలుగు చెబుతున్నావు, నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"



"వద్దంటే ఆపేస్తానమ్మా," అన్నారు డాక్టరుగారు. "మత్తు గంటలో దిగుతుంది. నొప్పి మాత్రం మళ్లీ వస్తుంది."

అమ్మ పండు చెవి నిమిరింది.

"ఇప్పుడు తెలుస్తోందా బాబూ, నొప్పి?"

"లేదమ్మా."

"అయితే కాసేపు పడుకోనివ్వండి. ఇన్నాళ్లకి పట్టింది."

డాక్టరుగారు సిరంజి ట్రేలో పెట్టి, గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నారు. ముగ్గురం గురక వింటూ ఉన్నాం. మధ్యలో ఒకసారి పండు ముందు కాళ్లు కదిలాయి. "పరిగెడుతున్నాడు," అంది అమ్మ, నా వైపు చూడకుండా.

తర్వాత గురక పల్చబడింది. గొంతులో సన్నగా మూలుగు వినిపించింది. అమ్మ నా చేయి లాగి, పండు తల కింద తన చేతి పక్కన పెట్టింది.

"ఇంక కానివ్వండి బాబూ," అంది.