రెండు తేదీల ఉత్తరం

అక్క కుడికంటిలో శుక్లం ముదిరింది. గురువారం ఉదయం తొమ్మిదింటికి శస్త్రచికిత్స. బుధవారం మధ్యాహ్నం ఆమె దాన్ని మానుకున్నట్లు ప్రకటించింది. కారణం, ఈమెయిలులో వచ్చిన ఒక జోస్యం.

ఆ జోస్యుణ్ణి మాలో ఎవరూ చూడలేదు. వారానికొక ఉత్తరం పంపుతాడు. సోమవారం గాలివానకు సంత కప్పు లేచిపోతుందని అతడు రాసిన ఉత్తరం మీద ఆదివారం తేదీ ఉంది. అక్క దాన్ని మంగళవారం తెరిచింది. కప్పు సోమవారమే లేచిపోయింది. ఉత్తరం చివర ఇంకొక వాక్యం: "గురువారం శరీరానికి లోహం తగలరాదు."

"కప్పు సంగతి చెప్పినవాడు కత్తి సంగతి చెప్పలేడా?" అంది అక్క ఫోనులో.

"లోహం తగలకూడదంటే రేపు తాళంచెవి కూడా ముట్టవా?" అని వెనకనుంచి బావ గొంతు.

"మీరు ఊరుకోండి!"

నలభై ఏళ్ళు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కొలతలు తీసినవాణ్ణి. ఉత్తరం మీది తేదీ పంపేవాడి చేతి రాతేనని, దాన్ని కొలతగా పరిగణించలేమని ఓపికగా వివరించాను.

"ఒరేయ్ అనుమానం, పాలు తాగేముందు నీళ్ళు కలిపారేమోనని వేలు ముంచి చూసిన పిల్లాడివి నువ్వు. నీ మాట ఎవడు వింటాడు?"

జోస్యుడి ఉత్తరాన్ని ఆమె నాకు పంపింది గాని, అలా మరొకరి ద్వారా తిరిగి వచ్చినదానిలో మొదటి శీర్షిక వరుసలు మిగలవు. పంపినవారెవరు, తేదీ ఏమిటి, ఏ దారిన వచ్చింది అని ఉత్తరం నెత్తిన ఉండే వరుసలవి. కాబట్టి వాదన కట్టిపెట్టి ప్రయోగానికి దిగాను. ఒక ఉత్తరం రాసి, దాని శీర్షికలో తేదీని మార్చే చిన్న ప్రోగ్రాము తయారుచేసి, అక్కకు పంపి, సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏదిరా నీ ఉత్తరం? రాలేదే!"

"కిందికి జరుపు. ఇంకా కిందికి. అట్టడుగుకు."

పెట్టెలోని ఉత్తరాలన్నిటి కింద, యాభై రెండేళ్ళ నాటి తేదీతో అది కూర్చుని ఉంది. అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"'అక్కా, ఇవాళ నీ పెళ్ళి. మధ్యాహ్నం వాన పడుతుంది. బావ బురదలో జారి పడతాడు. ఇట్లు, తమ్ముడు.'"

"పడ్డాను! నిజంగానే పడ్డాను!" బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీకు ముందే తెలిసి కూడా చెప్పలేదేంరా దుర్మార్గుడా!"

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ముందుగా తేరుకున్నది అక్క.

"అయితే ఏమైంది? నువ్వు దొంగతేదీ వేశావు. నువ్వు దొంగవైనంత మాత్రాన ఆయనా దొంగేనా?"

తర్కరీత్యా ఆమెదే ఒప్పు. సాధ్యమని చూపాను గాని, జరిగిందని చూపలేదు. తాడిని తన్నేవాడి తల తన్నేవాళ్ళు మా ఇంట్లోనే పుట్టారు.

పోనీ నా పనితనమైనా చూపుదామని ఉత్తరం శీర్షికను తెర మీద విప్పాను. విప్పగానే చెవులు వేడెక్కాయి. అందులో తేదీ వరుసలు రెండున్నాయి! ఒకటి ఇవాళ్టిది, దాని కింద పెళ్ళినాటిది. దొంగతేదీ పెడితే అసలు తేదీ తనంతట తానే పోతుందనుకున్నాను. పోదు, ముందుగా దాన్ని తీసెయ్యాలి. ఆ ఒక్క వరుస రాయడం మరచాను. మామూలుగా చూసినప్పుడు ఒక్క తేదీయే కనిపిస్తుంది కనుక తెలియలేదు.

"దొంగతనం కూడా సరిగ్గా చేతకాదు వీడికి," అంది అక్క. "మన నాన్న బడిలో రాయించిన నా పుట్టినతేదీలా ఉంది. అసలుదొకటి, అవసరానిదొకటి."

"అక్కా, ఆయన ఉత్తరం కూడా ఇలాగే విప్పనా?"

"విప్పు. చూసుకుని ఏడు."

విప్పాను. పైన ఉత్తరం అందుకున్న సర్వరు వేసిన ముద్ర: మంగళవారం, పొద్దున ఎనిమిది. కింద తేదీ: మంగళవారం. దాని కింద మళ్ళీ తేదీ: ఆదివారం!

నేను గెంతాను. అరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో, నిజంగా గెంతాను. జగత్తులో ఇంకొకడు సరిగ్గా నా తప్పే చేశాడు!

అక్క ముక్కు తెరకు ఆనించి రెండు వరుసలూ రెండేసి సార్లు చదివింది.

"కప్పు లేచిపోయాక రాశాడన్నమాట. గుమ్మడికాయల దొంగ!" అని బావవైపు తిరిగింది. "చూస్తారేం? రేపటికి సంచీ సర్దండి."

శుక్రవారం ఉదయం నర్సు కట్టు విప్పింది. అక్క కుడికన్ను తెరిచింది. ఎడమది మూసింది. తరువాత అది తెరిచి ఇది మూసింది. గోడ చూసింది, దుప్పటి చూసింది, నర్సు కోటు చూసింది.

"ఈ కంటికి కోటు తెలుపు. ఆ కంటికి పసుపు. ఏమేవ్ అమ్మాయీ, అటు వెలుతురులో నిలబడు. ఇంకాస్త పక్కకి. ఆఁ, ఇప్పుడూ అంతే! ఒరేయ్, కిటికీ చూశావా? ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం?"

"చెప్పాం," అన్నాడు బావ. "నువ్వు నమ్మలేదు."

ఆమె వినడం లేదు. అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరు చేయి పట్టుకుని ఎడమకంటి తేదీ అడుగుతోంది. నెల తరువాత అన్నాడాయన. వచ్చే సోమవారమన్నది అక్క. బేరం ఇంకా తెగలేదు.