దేవదానం ప్రూఫుబుట్ట

స్విచ్చి వెయ్యగానే తెరమీద ఆకాశం వచ్చింది. నీలంగా, తెల్లటి మబ్బులతో.

"వాన పడేట్టుందే" అన్నాడు సీతారామాంజనేయులు. ప్రెస్సు ఓనరు జోకేస్తే నవ్వడం మర్యాద. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మబ్బులు పోయాయి, ఆకుపచ్చ మైదానంలాంటి తెర మిగిలింది, దానిమీద అక్కడక్కడ చిన్న చిన్న బొమ్మలు.

తెనాలి మారీసుపేటలో ఉన్న ఆ ప్రెస్సులో అప్పటిదాకా ఉన్నది నల్లతెర కంప్యూటరు. ఏ పని కావాలన్నా మీటలు నొక్కాలి. ఏ మీట తర్వాత ఏ మీటో టైపు కొట్టే జమీలాకి వేళ్ళే చెప్పేవి. మూడేళ్ళుగా ఆమె కళ్ళు కాయితం మీద, చేతులు మీటల మీద. ఇప్పుడు తొంభై ఏడు వేసవిలో ఓనరు పాతదాన్ని మూలకి నెట్టించి, బాపట్ల నించి విండోస్ తొంభై ఐదు అనే కొత్తరకం మిషను తెప్పించాడు.

మొదటి రెండు రోజులూ జమీలా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తెలిసిన ఇంట్లో సామానంతా ఎవరో చోట్లు మార్చేసినట్టుందంది. మెషీన్‌మాన్ ముత్తయ్య వచ్చి చూసి, బొమ్మలు బాగానే ఉన్నాయి గాని తేదీలు లేని కేలండరులా ఉందని తేల్చాడు. ఆపాలంటే 'స్టార్ట్' నొక్కాలని తెలిశాక, దీన్ని తయారుచేసినవాడు భార్యతో గొడవపడి ఆఫీసుకొచ్చి ఉంటాడన్నాడు ఓనరు.

అందరిలోకీ కొత్త మిషను నచ్చింది ఒక్క దేవదానానికే.

యాభై ఏడేళ్ళ మనిషి. ముప్పై ఐదేళ్ళు ఆ ప్రెస్సులోనే సీసపు అక్షరాలు చేత్తో ఏరి, వరసలు పేర్చాడు. సీసం అమ్మేసి కంప్యూటరు పెట్టాక ప్రూఫులు దిద్దే పనిలో మిగిలాడు. కాయితం మీద దిద్దితే మళ్ళీ ఇంకొకరు కొట్టాలి, మిషను మీదే దిద్దడం నేర్చుకోమన్నాడు ఓనరు. నల్లతెర ఆయనకి చివరిదాకా కొరుకుడు పడలేదు. కొత్తది వచ్చిన రోజే ఓనరు పక్కకి పిలిచి, కఠినంగా కాదు గాని స్పష్టంగా చెప్పాడు: నెలాఖరులోగా దీనిమీద సొంతంగా పని చెయ్యగలిగితే కుర్చీ ఉంటుంది, లేకపోతే ఇక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చు.

విశ్రాంతి దేవదానానికి పడే పని కాదు. ఆదివారం గుళ్ళో పాటల పుస్తకం తెరిచినా ముందు అచ్చుతప్పులే కనిపించే మనిషి ఆయన. రోజంతా ఇంట్లో కూర్చుంటే భార్య జ్ఞానమ్మ ఉప్పు డబ్బా మీద చీటీలు కూడా దిద్దుతాడు.

అందుకే గట్టి పట్టుదలతో మౌసు పట్టుకున్నాడు. పట్టుకున్న మూడో రోజుకే ఆయనకి ఒక సంగతి అర్థమైంది. ఇది కంప్యూటరు కాదు, పాత ప్రెస్సు బల్ల. బల్లమీద కాయితాలు, కాయితాలు పెట్టుకునే అట్టలు. ఓ మూలన బుట్ట.

బుట్టని చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఓనరు తండ్రి పెద్దాయన కాలం నించీ ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. దిద్దడం పూర్తయి, ఇక తప్పుల్లేవు, అచ్చెయ్యొచ్చు అనుకున్న ప్రూఫుని బల్ల పక్కన వెదురుబుట్టలో వెయ్యాలి. బుట్టలో పడిన కాయితం అచ్చుకి సిద్ధమైనట్టు. మెషీన్‌మాన్ తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. చెత్తకైతే తలుపు వెనకాల గోనెసంచి వేరే ఉండేది.

తెరమీది బుట్ట కింద ఇంగ్లీషులో ఏదో పేరుంది. దేవదానం బొమ్మ చూశాడు, పేరు చదవలేదు. ఓ పేజీ దిద్ది, మౌసుతో జాగ్రత్తగా ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి అందులో వదిలాడు. ఖాళీ బుట్టలోంచి తెల్లటి కాయితాలు పైకి కనిపించాయి. ఎంత బాగా చేశాడు అనుకున్నాడు, ఆ చేసినవాడెవరో గాని.

అప్పుడు చేతిలో ఉన్న పని రేపల్లె చర్చి వాళ్ళ యాభయ్యేళ్ళ పండగ సంచిక. ముప్పై రెండు పేజీలు. ఆదివారం ఆరాధన టైముకి పుస్తకాలు రేపల్లెలో ఉండాలి. జమీలా పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా కొట్టేది, ముందురోజు పేజీల జోలికి పోయేది కాదు. దేవదానం మధ్యాహ్నం వచ్చి సాయంత్రం దాకా దిద్దేవాడు. బుధవారం పొద్దుపోయేసరికి ముప్పై రెండో పేజీ కూడా బుట్టలో పడింది. ఆ రాత్రి అన్నం తింటూ, ఈ నెలాఖరుకి భయం లేదని జ్ఞానమ్మతో చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం ప్రెస్సుకి వచ్చేసరికి జమీలా కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె టిఫిన్ డబ్బా కూడా లేదు. సీతారామాంజనేయులు మొహం ఎర్రగా ఉంది.

జరిగింది ఇది. పొద్దున జమీలా పేజీలన్నీ ప్రింటు తియ్యబోతే ఒక్కటీ లేదు. కొట్టి దాచానంది, ఏమయ్యాయో తెలియదంది. రోజూ పొద్దున మిషను మీద ఉండేది ఆమె ఒక్కతే. వచ్చినప్పటినించీ కొత్త మిషనుని తిట్టిందీ ఆమే. ఓనరు నోటికొచ్చినట్టు మాట్లాడి, రేపట్నించి రావద్దన్నాడు. దర్జీ జాన్ సైదా కూతురు, ఇంటికి పెద్దది. ఏడవలేదట. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయిందట.

దేవదానం మిషను దగ్గరికి పరిగెత్తాడు. బుట్ట ఖాళీ.

"నేను బుట్టలో వేశానండీ. ముప్పై రెండూ వేశాను."

"వేశావయ్యా, నిన్నెవరన్నారు? అందులోంచి తీసింది ఆ పిల్లే. బుట్ట జోలికి ఇంకెవరు పోతారు?"

కాని జమీలా అలాంటి పని చేసిందంటే దేవదానం మనసొప్పలేదు. మౌసు పట్టుకోవడం నేర్పింది ఆమే, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. మిషనే ఏదో చేసుంటుంది. అది తేల్చగలవాడు ఒక్కడే. మిషను బిగించిన అమీర్. ఈమధ్య స్లోగా ఉందంటే ఆ పొద్దున ప్రెస్సు తెరిచే టైముకి వచ్చి, ఏదో బాగుచేసి వెంటనే ఉన్న రైలుకి వెళ్ళిపోయాడట. బాపట్లలో వాళ్ళ షాపుకి ఫోను చేస్తే ఎంతకీ కలవలేదు. దేవదానం స్టేషనుకి నడిచి, దొరికిన బండెక్కాడు.

నిడుబ్రోలు దాటేదాకా నిలబడే ఉన్నాడు. సీటు ఖాళీ అయినా కూర్చోబుద్ధి కాలేదు.

అమీర్ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, తియ్యగా మాట్లాడతాడు. అంకుల్ అంటూ స్టూలు వేశాడు, టీ చెప్పాడు. సంగతంతా విన్నాడు. బుట్ట అన్న మాట వచ్చేసరికి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏ బుట్ట అంకుల్?"

దేవదానం షాపులో ఉన్న మిషను తెరమీద వేలుపెట్టి చూపించాడు.

అమీర్ మెల్లగా చెప్పాడు. అది చెత్తబుట్ట. అందులో వేశారంటే అక్కర్లేదని వేసినట్టు. పొద్దున తను చూసేసరికి బుట్ట నిండా కాయితాలున్నాయి. ఖాళీ చేశాడు. ఆ జాగాలో కొత్త ప్రోగ్రాములేవో ఎక్కించాడు. ఇక అవి తిరిగి రావు.

దేవదానం చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాలుగు రోజులు, ముప్పై రెండు పేజీలు, ఒక్కొక్కటీ తన చేత్తో ఈడ్చుకెళ్ళి చెత్తలో వేశాడు. ఎంత శ్రద్ధగా వేశాడో.

అమీర్‌కి జాలేసింది. తనూ అడక్కుండా ఖాళీ చేశాడు కదా. అతనే ఉపాయం చెప్పాడు. "నేను మీతో వచ్చి వైరస్ అని చెప్తాను. వైరస్ అంటే ఎవరూ ఏమీ అనరు. మీ కుర్చీకి ఢోకా ఉండదు."

ఒక్క నిమిషం దేవదానానికి ఊపిరాడింది. తర్వాత అడిగాడు.

"అది ఎట్టా వస్తుంది బాబూ, వైరస్?"

"బయటి ఫ్లాపీల్లోంచి."

"మా దగ్గర ఫ్లాపీలు తెచ్చేది జమీలా ఒక్కతే."

అమీర్ వైరస్ మాట వదిలేశాడు. షాపు పక్కవాడికి అప్పగించి, తనూ బయల్దేరాడు.

తెనాలిలో దిగేసరికి ఇంకా వెలుగుంది. ప్రెస్సులో ఓనరు ఒక్కడే ఉన్నాడు. రేపల్లె పాస్టరుగారికి ఫోను చేసి ఏం చెప్పాలా అని రిసీవరు వంక చూస్తూ కూర్చున్నాడు. దేవదానం గుమ్మంలోనే నిలబడ్డాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, రెండే మిగిలాయి.

"తుడిచింది జమీలా కాదు బాబుగారూ. నేను."

మిగిలింది అమీర్ చెప్పాడు. బుట్ట అంటే ఏమిటో, తనేం చేశాడో, పూసగుచ్చినట్టు. సీతారామాంజనేయులు అరుస్తాడని ఇద్దరూ ఎదురుచూశారు. అరవలేదు. మొహంలో రంగు మాత్రం మారింది. కాసేపటికి, ఎవరి వంకా చూడకుండా, చాలా చిన్నగొంతుతో అడిగాడు.

"అంటే అందులో వేసిన ఉత్తరాలు కూడా పోతాయా?"

"ఎవరి ఉత్తరాలు సార్?"

ఓనరు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

అప్పుడు బయటపడింది. కరెంటాఫీసుకి అర్జీ ఒకటి, బావమరిదికి ఉత్తరం ఒకటి. రెండు రోజులపాటు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టి, ప్రింటు తియ్యడానికి సిద్ధం అని బుట్టలో వేశాడు ఓనరు. బుట్టలో వేసినా ఈ పిల్ల ప్రింటు తియ్యడం లేదేమని సోమవారం నించీ లోపల్లోపల ఉడికిపోతున్నాడు. అడిగితే చిన్నతనమని అడగలేదు. పొద్దున అంత కోపం రావడానికి సగం కారణం అదే. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి ఆ వెదురుబుట్టలో ప్రూఫులు వేసినవాడే కదా ఆయనా.

దేవదానానికి నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తల దించుకున్నాడు. అమీర్ మాత్రం ఆపుకోలేక బయటికెళ్ళి, మెట్లమీద కూర్చుని నవ్వాడు.

"పద" అన్నాడు ఓనరు చొక్కా సర్దుకుంటూ. "జాన్ సైదా ఇంటికి."

జమీలా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఓనరు చెప్పింది తక్కువ, దగ్గింది ఎక్కువ. తప్పు నాది అన్న మాట మటుకు స్పష్టంగానే అన్నాడు. లోపల జాన్ సైదా కుట్టుమిషను ఆగిపోయింది. వింటున్నాడన్నమాట.

"అది చెత్తబుట్టని నన్నడిగితే చెప్పేదాన్ని కదా బాబాయ్" అంది దేవదానంతో.

"అడగాలని తోచలేదమ్మా. అంత బాగా తెలిసినట్టనిపించింది."

ఆమె ఓనరు వైపు తిరిగింది. "అందరి ముందూ అన్నారు సార్. అందరి ముందూ చెప్పాలి."

"చెప్తాను."

మర్నాడు ఆరింటికి ప్రెస్సు తెరిచారు. ముత్తయ్యా, బైండింగువాళ్ళూ వచ్చాక ఓనరు నిలబడి, చెయ్యని తప్పుకి జమీలాని అన్నానని చెప్పాడు. తన ఉత్తరాల సంగతి దాటెయ్యబోయాడు. ఆమె చూసిన చూపుకి అదీ చెప్పాడు. నవ్వులు సద్దుమణిగాక పని మొదలైంది.

చేతిరాత కాయితాలు భద్రంగానే ఉన్నాయి. దేవదానం పక్కన కూర్చుని పైకి చదివాడు. కామాలూ, ఫుల్‌స్టాపులూ కూడా చదివాడు. జమీలా కాయితం వంక చూడనక్కర్లేకుండా కొట్టుకుంటూ పోయింది. పండగకి చందాలిచ్చిన వాళ్ళ పేర్లు, అడవులదీవి దాకా ఊరూరా నడిచి వాక్యం చెప్పిన బైబిలమ్మల జీవితాలు, పాత పాస్టర్ల వరస. నాలుగు రోజుల పని పొద్దుగూకేలోపు అయిపోయింది. అప్పటికే ఒకసారి దిద్దిన మనిషి కాబట్టి తప్పులు కూడా ఎక్కడ పడతాయో ముందే చెప్పి ఆపాడు. చివరి పేజీ దిద్దడానికి జమీలా లేచి, కుర్చీ ఆయనకిచ్చింది.

దేవదానం కూర్చున్నాడు గాని మౌసు ముట్టుకోలేదు. ఓనరు వెనకే నిలబడి ఉన్నాడు. అడగాల్సింది అప్పుడే అడిగెయ్యాలనిపించింది.

"బాబుగారూ, నెలాఖరని చెప్పారు..."

సీతారామాంజనేయులు స్టూలు ఒకటి లాక్కుని, ఆయన పక్కనే కూర్చున్నాడు. తెర వంక చూశాడు, మూలనున్న బుట్ట వంక కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఆ గడువు ఇద్దరిదీ అనుకో" అన్నాడు. "అమ్మా జమీలా, దిద్దాక పేజీని ఎక్కడ దాచాలో మా ఇద్దరికీ మళ్ళీ మొదట్నించీ చెప్పు. మెల్లగా చెప్పు."